తట్టి చూసుడు

ముందుగాల రంగు చూడకు.
నాగపూర్ల ఆ పండ్ల డాక్టరు కాంపౌండుల
దానిమ్మ గింజ లెక్క మెరిసింది బండి,
నా కన్నైతే ఆడనే ఆగింది.
బానయ్య మామ రంగు దిక్కు చూడలే.
డ్రైవర్ సీటు కింది చాప లేపి
నాలుగు వేళ్లు లోపటికి దూర్చి
ముక్కుకాడ పెట్టుకున్నడు.
"తడి ఉన్నది. కని మురుగలే."
కప్పు తెరిచే బండ్లల్ల
వాన నెత్తి మీద దిగదట,
దొంగ లెక్క కాళ్లకాడికి వస్తదట.

జేబులకెల్లి రూపాయి బిళ్ల తీసిండు.
తలుపుకు, గడప రేకుకు, జానకొక దెబ్బ.
టింగ్. టింగ్. టింగ్.
ఎనుక ఎడమ చక్రం మీద
దబ్బు.

ముప్పయ్యారేండ్లు భూమి లోపట తిరిగిన చెవి అది.
షిఫ్టు దిగంగనే గడ్డపారతోని పైన బొగ్గు తట్టాలె,
కంచు లెక్క మోగితే పనిల కూసో,
గుమ్మడికాయ లెక్క మోగితే ఉరుకు.
ఒక్కపారి చెవి తప్పిందంటరు.
ఆ ముచ్చట మామ చెప్పడు, మేమడగం.

"పిప్పి పంటికి సిమెంటు పెట్టినట్టు
పుట్టీ పెట్టిండ్రు, డాక్టర్ సాబ్," అన్నడు మరాఠీల.
డాక్టరు పండ్లన్ని కనవడేటట్టు నవ్వి
లక్షన్నర తగ్గించిండు.

బల్లార్షాకు తెచ్చినం.
కాలనీల పిలగాండ్లు ఎంట ఉరికిండ్రు.
"కప్పు లేనిదానికి పైసలెక్కువనా?" అన్నది రాజుబాయి అత్త.
తప్పేమన్నది?
కప్పు మడిస్తే డిక్కీల బియ్యం సంచి పట్టది,
బియ్యం తెస్తే కప్పు మడవది.
ఆకాశమా, బియ్యమా
అని శనివారం శనివారం పంచాయితీ.

నేను ఓదెలును. బస్టాండు ఎనుక రెక్సిన్ దుకాణం.
లారీల తాడిపత్రీలు కుట్టిన సూది నాది.
ఎనుక అద్దం చుట్టు కుట్టు ఊడితే
మామ నా తాననే ఆపిండు.
జర్మనీ గుడ్డ, మూడు పొరలు, నడుమ రబ్బరు.
పాత తూట్లల్లనే మళ్ల సూది దించాలె,
కొత్త తూటు పడితే కొత్త వాన.
రెండు రోజులు పట్టింది. పైసలు తీసుకోలే అని కాదు,
సగం తీసుకున్న.

ఇగ రోజూ ఉండే పని.
బొగ్గు బూడిద గుడ్డతోని తుడవకు, గీత పడ్తది, బ్రష్షుతోని దులుపు.
తడి కప్పు మడవకు, పొద్దుగాలకు బూజు.
ఎండకాలం రబ్బర్లకు గ్లిజరిన్ రాయాలె,
నలభై ఏడు డిగ్రీలల్ల అవి అప్పడాలు.
తోలు సీటు మీద కూసుంటె పెనం మీద కూసున్నట్టే,
రాజుబాయి అత్త పాత దుప్పటి తడిపి పరుస్తది.
పంపుల నూనె నెలకోసారి చూడు,
నూనె తగ్గితే కప్పు సగంల నిలబడి
పడగ ఎత్తిన పాము లెక్క ఊరందరికి కనవడ్తది.
మాకైంది, రాజురా చౌరస్తల, పెండ్లి బారాత్ నడుమ.
బ్యాండోళ్లు మా చుట్టే వాయించిండ్రు.

పగలు కప్పు తెరువడు మామ.
రాత్రి పదకొండు దాటినంక, పేపర్ మిల్లు వాసన తగ్గినంక,
వర్ధా వంతెన మీదికి.
నలభై దాటడు. ఎనుక లారీలు హారన్ కొట్టి కొట్టి పోతయి.
మొన్న నేను పక్కన ఉన్న.
వంతెన నడుమ బండి ఆపిండు.
ఏదో యాదిల చెయ్యి పైకి లేపి, వేలు మడిచి,
తట్టిండు.

చెయ్యి ఆడనే ఉన్నది కొంచెంసేపు.
చుక్కలు చుక్కలు లెక్కనే ఉన్నయి.
"మోగుత లేదు ఓదెలూ," అన్నడు.
నేనేమనాలె?
గేరేసిండు.

రేపు పొద్దుగాల వస్తా అని చెప్పిన.
కప్పు పక్కల నీళ్లు పోయే బొక్కలు రెండున్నయి,
సైకిల్ బ్రేకు తీగతోని పొడవాలె.
యాప పూత రాలే నెల ఇది,
మూసుకపోతయి.