తొలినీరు

రబ్బరు బాతుని అంతర్వేది తీర్థంలో కొన్నాను,
పాతిక రూపాయలు, మా అక్క మనవడి కోసం.
వాడికివ్వలేదు.
ఇప్పుడది కాకినాడలో, మూడో అంతస్తులో,
గుత్తుల నూకరాజు గారి కుడిచేతిలో ఉంది.

మెడ ఒక్కటే మొద్దుబారింది. మనిషి మెలకువగానే ఉన్నాడు.
ఆకుపచ్చ గుడ్డకి అవతల డాక్టర్ ఇందుమతి గారి కత్తి,
ఇవతల ఆయన మొహం, నేను.
పది సెకన్లకోసారి నొక్కమంటాను. నొక్కుతాడు.
కీక్.
ఎడమ మెదడుకి నెత్తురందుతోందని దానర్థం.

ముప్పై నాలుగేళ్లు లాకుల మీద లస్కరు.
కిందటి నెల గట్టు మీద నిలబడి గేజి చదువుతుంటే
ఎడమ కంటికి పైనుంచి తెర దిగిందట,
షట్టరు దించినట్టు, చప్పుడు లేకుండా.
ఐదు నిమిషాలకి దానంతటదే లేచింది.
"గేజి మాత్రం తప్పు రాయలేదమ్మా, కుడికంటితో చూశాను."

మీ మెడలో కాలువ పూడిందండి, పూడిక తీస్తాం,
అందరికీ చెప్పినట్టే చెప్పారు ఇందుమతి గారు.
ఆయనకి నచ్చలేదు.
"కాలువ కట్టేస్తే చేలు నెల్లాళ్లాగుతాయి.
ఇది ఎంతసేపాగుద్ది?"
ఆవిడ అబద్ధం చెప్పలేదు. నిమిషాలు, అంది.
"అయితే కాలువ అనకండి."

అవతల క్లాంపు పడింది.
మాట్లాడుతూనే ఉండమన్నాను.
"ఎగువన ఆరడుగుల మూడంగుళాలు, దిగువన నాలుగు..."
కీక్.
"శివారుకి నీరందాలంటే పైవాళ్లు కాస్త ఓర్చుకోవాలి. షట్టరు..."
"షట్టరు..."
"షట్టరు..."

నొక్కండి, అన్నాను.
నొక్కండి బాబాయి గారూ.
వేళ్లు బాతు మీదే ఉన్నాయి, ఎవరివో అక్కడ పెట్టి మరిచిపోయినట్టు.

"కూత ఆగింది."
నా గొంతు అంత నెమ్మదిగా ఎలా వచ్చిందో నాకే తెలీదు.
ఆవిడ తలెత్తలేదు.
నెమలీక కాడంత గొట్టం,
కోసిన చోటికి పైన ఒక కొస, కింద ఒక కొస,
పక్కదారిన నెత్తురు.

గడియారంలో ముల్లు నాకోసం ఆగినట్టే ఉంది.

"...సగం లేపి ఉంచాలి."
కీక్.

నిలువునా చీరిన నాళంలోంచి ఒలిచి తీసింది
పసుప్పచ్చటి పెంకు, చింతపిక్కంత,
అంచుల్లో ఏటి ఇసకలా గరుకు.
చూపించమన్నాడు. చూపించాను.
"ఇంతేనా? ఇదంతా చుట్టేనా?"
చుట్ట, ఉప్పుచేప, వయసు, అన్నాను.
కోసినచోట ఆవు గుండె పొరతో మాసిక వేస్తున్నారని చెప్పలేదు.
నీలం దారం, వెంట్రుక కన్నా సన్నం,
నాకు కనిపించేది ఆవిడ మణికట్టు తిరగడమే.

చివరి ముడికి ముందు గొట్టం తీశారు.
"ముందు మొహం వైపు కొమ్మ వదలండి,
పది దెబ్బలు కొట్టుకున్నాకే మెదడుకి."

"తొలినీరు మురుక్కోడులోకి,"
అన్నాడాయన గుడ్డ కింద నుంచి, ఎవరూ అడక్కుండానే.
"కాలవ తెరిచిన్రోజు మొదటి నీరు చేలకి వదలం.
గుర్రపుడెక్క, తెగిన చెప్పులు, చచ్చిన పాములు,
అన్నీ అందులోనే కొట్టుకొస్తాయి, ఆయ్."

అవతల చేతులు ఒక్క క్షణం నిలిచాయి.
"అయితే ఇప్పుడు కాలువ అనొచ్చా నూకరాజు గారూ?"

ఆలోచించాడు. చాలాసేపే ఆలోచించాడు.
నేను భయపడేంతసేపు.
కీక్.

సాయంత్రం బాతుని సబ్బుతో కడిగి కిటికీలో ఆరబెట్టాను.
రేపు తొమ్మిదింటికి ఇంకో మెడ, తాపేశ్వరం నుంచి.
ఆవిడ ఎడంచేతి వాటమట.