మూలనున్న మిషన్

ఆదోని మార్కెట్ యార్డు ఆఫీసులో
బీరువాకు రెండు తాళాలు.
ఒకటి సూపరింటెండెంటు సారు మొలతాడుకు,
ఒకటి వాళ్లింట్లో బియ్యండబ్బాలో.
గేటుకాడ ఈరన్న, వాని కట్టె, వాని టార్చిలైటు.
గోడమీద కెమెరా,
కెమెరా చూస్తాందని దాని కింద ఒక బోర్డు.

మూలన జెరాక్స్ మిషన్.
దానికి తాళం లేదు.
ఉంది గానీ, కంపెనీవాళ్లు పెట్టి పంపిందే:
ఒకటి రెండు మూడు నాలుగు.

నేను మెకానిక్కును. హుసేనప్ప అంటారు.
పత్తి సీజన్లో వారానికొకసారి పిలుస్తారు.
దూదిపోగు రోలర్లకు చుట్టుకుంటాది,
పట్టకారుతో పీకి
ఇంగ బాగుంది సార్ అని మూడొందలు తీసుకుంటా.
ఒకసారి చెప్పినా:
సార్, దీన్ని గూడా నెట్టుకు కలిపినారు గదా,
మీ వైఫై పాస్‌వర్డు టీకొట్టు పిల్లోనికీ తెలుసు,
వాడు బెంచీమీద కూర్చోని ఫోన్లో నాలుగంకెలు కొడితే
దీని కడుపులో ఏముందో కనపడతాది,
ఆ తాళం మార్చండి.
సారు నవ్వినాడు.
"మారిస్తే ఎవడు గుర్తుపెట్టుకుంటాడప్పా?"

ఆయుధపూజకు దానికి మూడు బొట్లు పెట్టినారు.
గుమ్మడికాయ కొట్టినారు.
బంతిపూల దండ కాయితాల ట్రేలో ఇరుక్కుంటే
మళ్లీ నన్నే పిలిచినారు.

ఒక రాత్రి రెండు గంటలప్పుడు
ఎవరూ లేని ఆఫీసులో అది తనంతట తాను లేచి
నలభై కాయితాలు కక్కింది.
ఏ భాషా కాదు, అడ్డదిడ్డం గుర్తులు.
ఈరన్న తెల్లారి ఎల్లమ్మకు కోడిని మొక్కుకున్నాడు.
వెనకవైపు తెల్లగా ఉందని
సారు వాటికి క్లిప్పు పెట్టి రఫ్ పుస్తకం చేసుకున్నాడు.

దయ్యం కాదు ఈరన్నా,
యాడనో కూర్చోని ఎవడో తలుపు తోసి చూసినాడు,
అంతే, అన్నా.
"తోసినోడు లోపలికి రాలేదు గదా," అన్నాడు ఈరన్న.

మార్చి నెలాఖరుకు డబ్బు మిగిలి కొత్త మిషన్ వచ్చింది.
పాతది గుజిరీకి.
డ్రమ్మూ గేర్లూ పనికొస్తాయని వేలంలో నేనే పాడుకున్నా,
రెండువేల మూడొందలు.
దాని కడుపులో అరచెయ్యంత ఇనుపపెట్టె.
కంప్యూటరుకు తగిలించి చూస్తే
నోరు ఎండిపోయింది.

ఆరేండ్లు.
గాజుమీద బోర్లా పడుకున్న ప్రతి కాయితమూ ఉంది.
రైతుల ఆధార్లు, పాసుపుస్తకాలు, సంతకాలు,
కమీషన్ ఏజెంటు గుర్రప్పశెట్టి రెండో లెక్క,
టైపిస్టు పరిమళ ఎన్నడూ ఇయ్యని రాజీనామా
(మూడుసార్లు రాసుకుంది, మూడూ ఉన్నాయి),
సారు షుగర్ రిపోర్టు.
ఎవరింట్లోకో తలుపు కొట్టకుండా పోయినట్టుంది.
లేచి షట్టరు సగం దించినా.
సుత్తి తెచ్చుకున్నా.

కొట్టేముందు ఇంకొంచెం కిందికి పోయినా, ఎందుకో.
హమాలీ కార్డు.
లారీమీంచి పత్తిబేలు పడి చచ్చిపోయిన నరసన్న ఫోటో.
అడుగున తిక్కమ్మ ఎడమ బొటనవేలు.
తేదీ ఉంది. టైముంది, పదకొండూ నలభై.
ఆ అర్జీ మా దగ్గరికి రానే రాలేదని
పదహారు నెలలుగా ఆమెను తిప్పుతున్న ఆఫీసు
ఆ పొద్దు దానికి రెండు కాపీలు తీసింది.

సుత్తి టేబుల్ కింద పెట్టినా.
కొడితే గుర్రప్పశెట్టి బతుకుతాడు, పరిమళా బతుకుతాది,
తిక్కమ్మ సాక్షి పోతాది.
కొట్టకుంటే నా అంగడే
తాళం లేని బీరువా.

తిక్కమ్మ వచ్చింది. తల్లో దూది,
చేతిలో టిఫిను క్యారియరు.
మా అంగడి మిషన్లో ఆ ఒక్క కాయితం తీసిచ్చినా.
వేడిగా ఉంది.
చదువు రాదు ఆమెకు.
అచ్చయిన వేలిముద్రమీద
తన వేలు పెట్టి చూసుకుంది,
చెప్పు సరిపోయిందో లేదో చూసుకున్నట్టు.

"ఇంకా రెండు తియ్యప్పా," అంది.
"ఒకటి మళ్లీ పోగొడతారు."

మూత ఎత్తి కాయితం బోర్లేసినా.
మా మిషన్ తాళం ఏందో
అప్పుడు గుర్తొచ్చింది నాకు.
గాజు కింద పచ్చటి వెలుగు
ఇటునుంచి అటు పోయింది.