ముంజేత్తో

నళినక్కా,
ఆఫీసు తాళంచెవి పంపిస్తున్నాను.
కొంచెం తుప్పు పట్టింది,
ఎడమకి తిప్పి ఒకసారి పైకెత్తాలి.

అరండల్‌పేట ఏడో లైన్లో, ఆ మేడమీది గదిలోనే
నాకు మాట వచ్చింది.
అంతకుముందు ఉన్నదంతా మూలుగు.
సర్దుకుపోవడం సహనం కాదని
మీరు చెప్పాకే తెలిసింది.
అది మర్చిపోయి రాయట్లేదు ఇదంతా.

మార్త సంగతి చెప్పిన రోజు
మీరు లేచొచ్చి వాటేసుకున్నారు.
"మగాడి నీడ పడని ఇల్లు!
మనం ఉపన్యాసాల్లో చెప్పింది
మీరు చేసి చూపించారు" అన్నారు.
అందరూ చప్పట్లు కొట్టారు.
ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు.

అక్కా, నేనేమీ చేసి చూపించలేదు.
ఎవరిమీదా అలిగి తన దగ్గరికి పోలేదు.
లోకంలో మగాళ్లంతా వెన్నముద్దలైనా
నేను మార్త దగ్గరికే పోదును.

మిర్చి యార్డులో ముచ్చికలు తీసి తీసి
సాయంత్రానికి తన వేళ్లు నిప్పులు.
మజ్జిగలో ముంచినా చల్లారవు.
అందుకని నా మొహాన్ని వేళ్లతో తాకదు.
ముంజేత్తో నా జుట్టు వెనక్కి తోస్తుంది,
చేతి వెనకవైపుతో చెంప నిమురుతుంది.
దీన్ని ఏ తీర్మానంలో రాస్తారు?

పోనుపోను మీ మెచ్చుకోలుకి కొలతలొచ్చాయి.
మార్త కాటుక పెట్టుకుంటే
ఎవడి కళ్లకోసమని అడిగారు.
వహీదా ఒకప్పుడు సుభాషిణిని ప్రేమించింది,
ఇప్పుడు కరీముల్లాని.
రెండూ నిజమే అని ఏడ్చి చెప్పింది.
మీరు దానికి పార్టీ ఫిరాయింపు అని పేరు పెట్టారు.

ఇక బాజీ.
పద్నాలుగేళ్లుగా మార్చి ఎనిమిదికి
మన బ్యానర్లు రాసేది వాడు.
రంగుల ఖర్చు తప్ప పైసా తీసుకోడు.
'స్త్రీ'కి క్రావడి వాడు చుట్టినట్టు
గుంటూర్లో ఇంకెవరూ చుట్టలేరని
మీరే అనేవారు.
లాడ్జి సెంటర్ దగ్గర, ఇంకో కుర్రాడితో ఉన్నందుకు
నలుగురు కలిసి కొట్టిన రాత్రి
వాడికి గుర్తొచ్చిన మెట్లు మనవే.
"ఇది ఆడవాళ్ల చోటు" అన్నారు మీరు, తలుపు సగమే తీసి.

ఆ గీత ఎందుకు గీశారో తెలుసు నాకు.
మగగొంతు వినపడితే చాలు
ఒంట్లో వణుకు పుట్టేవాళ్లు
లోపల చాపమీద ముగ్గురున్నారు ఆ రాత్రి.
మీది తప్పని అనలేను.
వాడేమో మెట్లమీద కూర్చుని, పెదవి తుడుచుకుని,
"బ్యానర్ తడి ఆరిందా అక్కా?
అప్పుడే మడత పెట్టొద్దు" అన్నాడు.

నేను గడపమీద నిలబడ్డాను.
ఒక కాలు లోపల, ఒక కాలు బయట.
ఇప్పటికీ అక్కడే ఉన్నాననిపిస్తుంది.

ఈ ఉత్తరం చదివి వినిపిస్తే
మార్త నవ్వింది.
తాళంచెవి ఇస్తే ఇచ్చావులే,
నేను ఎప్పుడో నకలు చేయించా, అంది.
మిమ్మల్ని ఒక మాట అడగమంది:
ఈసారి బ్యానర్ ఎవరు రాస్తున్నారు?