గోళీ ఆగిన చోటు

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు.
అమ్మి చూడమని మాత్రం
ఎవరూ అనలేదు.

ముప్పై ఒక్క ఏళ్లుగా
త్రియెస్తేలో నేను చేస్తున్నది అదే.
శాన్ జాకొమో ఎగువ వీధిలో
రెండు కుర్చీలు పట్టే ఆఫీసు,
తలుపు మీద సగం రాలిన నా పేరు:
నెరీనా కొసుత్తా.
కోటు జేబులో తాళాల గుత్తి,
ఒక నీలం గాజు గోళీ.

ఏ ఇంటికి వెళ్లినా
ముందు గోళీని నేల మీద వదులుతాను.
అది ఎటు దొర్లితే
ఇల్లు అటు ఒరుగుతోందని లెక్క.
యజమాని అబద్ధమాడొచ్చు.
గోళీకి కమీషన్ లేదు.

ఈ మంగళవారం
నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు.
పద్నాలుగు ఫోటోలు తీసి ఫోనుకి అప్పగించాను.
నేను మెట్లు దిగి వీధిలో పడేలోగా
అది ఖాళీ గదిలో సోఫా వేసింది,
సోఫా పక్కన మొక్క పెట్టింది,
వంటింటి మూల చెమ్మ మరకని తుడిచేసింది,
ఉత్తరపు కిటికీలోంచి
ఎన్నడూ రాని ఎండని తెచ్చి పరిచింది.
కింద ఒక వాక్యం కూడా:
"ప్రశాంతత కోరుకునే వారికి."

ప్రశాంతత!
బోరా అంటే మా ఊరి గాలి.
అది లేచిన రోజున
ఆ కిటికీ రాత్రంతా పళ్లు కొరుకుతుంది.
వీధిలో స్కూటర్లు పడుకుంటాయి,
ముసలమ్మలు గోడల్ని పట్టుకుని నడుస్తారు.
వాక్యానికేం,
దానికి చలి వేయదు.

మరక తిరిగి పెట్టమన్నాను.
"మరక ఏ శైలిలో కావాలి?"
అని అడిగింది.

అలాగని తిట్టడానికీ నోరు రాదు.
ఎనిమిదేళ్ల కిందట
ద్రాగిత్సా అనే నర్సుకి నేనమ్మిన ఇంటి
పైకప్పు మీద అప్పుందని
అపార్ట్‌మెంటు సంఘం కాగితాల్లో
నూట నలభయ్యో పేజీలో రాసే ఉంది.
నేను నూట ఇరవై దాకా చదివాను.
ఆ ఇరవై పేజీలకీ
ఆమె రెండేళ్లు రాత్రి డ్యూటీలు చేసింది.
నిన్న అదే కట్ట మెషీన్ ముందు పెట్టాను.
పదకొండు సెకన్లు.
పేజీ నంబరుతో సహా చెప్పింది.
లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను,
బయట చూడ్డానికేమీ లేకపోయినా.

లీవియో సంగతి వేరు.
భూమి రికార్డుల్లోని పాత జర్మన్ గొలుసుకట్టు రాత
చదవగలిగినవాళ్లు మాకు తెలిసి ముగ్గురే.
పేజీకి ఒక కాఫీ అతని ఫీజు,
చిన్న గాజు గ్లాసులో, పైన నురగతో.
ఎవరి బావి మీద ఎవరికి హక్కో,
ఏ వితంతువు ఏ గదిలో
చివరిదాకా ఉండొచ్చో
సొంత బంధువుల కబుర్లలా చదివి వినిపించేవాడు.
ఇప్పుడు లీవియో
తన కాఫీ తనే కొనుక్కుంటున్నాడు.

మొన్న ఒక పేజీ పట్టుకెళ్లాను.
ముందే ఫోనుతో చదివించానని చెప్పలేదు.
కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి,
కాగితం ముక్కుకి ఆనించి చదివాడు.
ఒక మాట దగ్గర ఆగి,
"ఇది నీ ఫోను తప్పు చెప్పి ఉంటుందే" అన్నాడు.
నా కన్నా ముందు నా మొహం ఒప్పేసుకుంది.

తప్పు చదివింది లీవియో.
కాఫీకి నేనే డబ్బులిచ్చాను.

శనివారం ఇల్లు చూడ్డానికి ఒకతను వచ్చాడు,
ఓడరేవులో క్రేన్ నడుపుతాడు.
ఫోనులోనే ఇల్లంతా తిరిగేశాడట.
ధర, అప్పులు, ఎండ పడే గంటలు,
పొరుగువాళ్ల కుక్క వయసు,
అన్నీ తెలుసు.
తాళం తీయడానికి తప్ప
నాతో పని లేదు.

అలవాటు కొద్దీ గోళీని వదిలాను.
నింపాదిగా వంటింటి దాకా దొర్లి
మరక కింద, గోడ వారన ఆగింది.
అతను మోకాళ్ల మీద కూర్చున్నాడు.
గోళీని తీసుకెళ్లి మళ్లీ వదిలాడు.
మళ్లీ.
నాలుగోసారి కూతురికి వీడియో కాల్ చేసి
"ఇటు చూడు, ఇటు చూడు" అన్నాడు.

ఇల్లు తీసుకుంటాడో లేదో చెప్పలేదు.
గోళీ అమ్ముతారా అని మాత్రం అడిగాడు.

మెట్లు దిగుతున్నంతసేపూ
ధర ఆలోచిస్తూనే ఉన్నాను.