రెండింటి నుంచి ఐదు దాక

రిపోర్టు ఐదింటికి ఇస్తమన్నరు.
ఆరింటికి సిరిసిల్ల బస్సు.
నడుమ మూడు గంటలు.
చెవుల దవాఖాన బెంచి మీద
ఎంతసేపని గోడ చూస్తం?

చెరువు చూద్దాం పా అన్న.
ఓదెలుకు వినపడలే.
చెయ్యి చాపి
అలలు అలలుగ వేళ్లాడిచ్చిన.
దూపయితుందా అనుకుంట
సంచిలకెల్లి నీళ్ల సీసా తీసిండు.

ఆటోల కూసున్నం.
"భద్రకాళి బండ్ కాడికి, జల్ది పోనియ్యన్నా!"
ఆటో ఆయన అద్దంలకెల్లి నన్ను చూసిండు.
"మెల్లగ చెప్పక్కా, నాకు చెవులున్నయి."
ఇరవై రెండేండ్ల సంది
సాంచెల చప్పుడు మీదికెల్లి ఇతన్ని పిలిచి పిలిచి
నా గొంతు చిన్నగ మాట్లాడుడు మర్చిపోయింది.

టికెట్ తీసుకొని బండ్ ఎక్కినం.
రంగుల బెంచీలు,
ఫొటోలు దిగెటందుకు గుండె బొమ్మ,
నున్నటి రెయిలింగు.
రెయిలింగు అవుతల నీళ్లు లేవు.
పూడిక తీస్తున్నరట.
ఎండకు పెచ్చులు లేసిన బురద,
బురదల చీమల బారు తీరుగ టిప్పర్లు,
ఎటు పోవాల్నో తెల్వని కొంగ ఒకటి.
ఓదెలు పకపక నవ్విండు.
"చెరువుకు సుత చెవుల గులిమి తీస్తున్నరే!"

మూడూ ఇరవై.
దగ్గర్లనే వాయిద్యాల మ్యూజియం ఉన్నదన్నడు ఆటో ఆయన,
ఎవ్వరు రారు, చల్లగుంటదన్నడు.
వినపడనోన్ని వాయిద్యాల కాడికి
తీస్కపోవుడేందని నాకే సిగ్గయింది.
అయినా పోయినం,
ఫ్యాను గాలికి.

సందుల పెంకుటిల్లు. మనిషికి పది రూపాలు.
"నాలుగింటికి తాళమేస్త," అన్నది
రిజిస్టర్ కాడ కూసున్న పిల్ల.
బస్సుల కిటికీలకెల్లి ఊర్లు చూసినట్టు చూసినం.
మూడు సొరకాయ బుర్రల కిన్నెర,
నరం తెగిన జమిడిక,
ఒగ్గుడోలు మీద ఇంకా పోని పసుపు,
ఆదిలాబాద్ కెల్లొచ్చిన కొమ్ము,
దాని మూతి కాడ పండ్ల గుర్తులు.
ప్రతి దాని కింద చీటీ,
చీటీ మీద ఊరు, ఇచ్చినోళ్ల పేరు.
కొన్నిటికి పేరు కాడ
ఉత్త గీత.

ఆఖరి అర్రల, అద్దాల పెట్టెల
ఒక పెద్ద రుంజ.
ముట్టరాదు అని బోర్డు.
ఓదెలు అద్దం మీద అరచెయ్యి ఆనిచ్చిండు.
"ముట్టొద్దన్నా!" పిల్ల కేకేసింది,
ఎవలికి వినపడాలె?
"మోగుతున్నది," అన్నడు.

నేను చెవి పెట్టిన. ఏం లేదు.
బీడీలు చుట్టి చుట్టి మొద్దువారిన వేళ్లు
ఆయన వేళ్ల పక్కన పెట్టిన.
మొదలు అద్దం చల్లదనమే తెలిసింది.
తర్వాత సన్నగ,
నిద్రల ఉన్న పిల్లి కడుపు లెక్క
ఏందో కదిలింది.
కిటికీ అవుతల రోడ్డు మీద
చెరువు బురద మోసుకుంట టిప్పరు పోయింది.
ఇంకోటి వచ్చింది.
మల్ల కదిలింది.
రిజిస్టర్ పిల్ల లేచొచ్చింది.
"మూడేండ్లాయె నేనీడ చేరి," అనుకుంట
తన చెయ్యి సుత పెట్టింది.
నాలుగూ పది దాక తాళం సంగతి
ఎవ్వరం తియ్యలే.

ఇగ ఉరుకుడే ఉరుకుడు.
కాయితం మీద రెండు గీతలు,
కుడి చెవిది ఎర్రది, ఎడమది నీలం,
పోగు తెగి జారినట్టు కిందికి దిగినయి.
రెండు మిషిన్లు, ముప్పై ఆరు వేలు.
డాక్టరు ఆయన ముందల్నే
నాకు చెప్పిండు.

బస్సు హుజూరాబాద్ దాటినంక
మోచేత్తోని పొడిచి,
అరచెయ్యి గాలిల ఆనిచ్చి అడిగిన,
ఎట్లున్నది అని.
"నాలుగో నంబర్ సాంచె!
నూనె ఏసినంక గట్లనే ఉంటది!"
బస్సు బస్సంత మాదిక్కు తిరిగింది.
మెల్లగ అనెటందుకు లేపిన చెయ్యిని
ముందటి సీటు కమ్మీ మీద
పెట్టుకున్న.