పాత గింజ

సోహార్‌లో మా క్యాంపు, ఏడో గది.
రాత్రి రెండున్నర.
ఏసీ నీళ్లు బకెట్లో టప్పు టప్పుమంటున్నాయి.
ల్యాప్‌టాప్ నల్ల తెర మీద
ఒక్క తెల్ల గీత
వస్తూ పోతూ, వస్తూ పోతూ.

మొన్న అప్‌డేట్ పెట్టిన కాడి నుంచి ఇంతే.
పద్నాలుగు నెలల ఓవర్‌టైం లెక్క దాంట్లోనే ఉంది,
నాది, రాజలింగానిది,
పదకొండు మంది వెల్డర్లది.
పొద్దున తొమ్మిదికి లేబర్ ఆఫీసు.

పై మంచం మీంచి మన్సూర్ దిగాడు
ఖర్జూరం నములుతూ.
"కెర్నెల్ మార్చి చూడు."
అంటే ఏందని అడిగితే
నోట్లోంచి గింజ తీసి
నా అరచేతిలో పెట్టాడు, తడితడిగా.
"ఇది. పైన కండ అట్లనే ఉంటది."

షిఫ్ట్ నొక్కిపట్టి ఆన్ చేస్తే
ఒక జాబితా లేచింది.
పేర్లు లేవు, అన్నీ అంకెలే,
మా బతాకాల లెక్క.
కొత్తది నొక్కాం. గీత.
దాని కిందది. గీత.
అట్టడుగున ఒకటుంది, రెండేళ్ల నాటిది,
జాగా తింటోందని
తీసేద్దామనుకుని మరిచిపోయింది.

అక్షరాలు జలజలా రాలాయి.
లోపల ఫ్యాన్ గుర్రుమంది.
నువ్వెవరని అడిగింది,
పాస్‌వర్డ్ అడిగింది,
నేను రెండుసార్లు తప్పు కొట్టాను.

వైఫై రాలేదు. సౌండ్ లేదు.
టచ్‌ప్యాడ్ సగం మాటే వింటుంది.
ఫైలు మాత్రం తెరుచుకుంది,
మొదటి గడిలో మొదటి తారీఖుతో.

మన్సూర్ పెన్‌డ్రైవ్ నిండా పాటలే.
"తీసెయ్, జాగా అయితది" అన్నాడు.
ఒక్కొక్కటే చెరుపుతుంటే
మెట్ల మీదికి కాలు పెట్టినవాడు
ఆగాడు.
"ఆ చివరిది ఉండనీ."