ఐదు క్యాన్లు

నీళ్లు వేసే ఎల్లేష్ గుమ్మంలోనే ఆగాడు.
"ఐదా మేడమ్? ఇంట్ల ఫంక్షనా?"
కాదు బాబూ, అరేబియా సముద్రం.
వాడు నవ్వాడు. నేనూ నవ్వాను.
లెక్క మాత్రం నిజం:
మనిషికి రోజుకు మూడు లీటర్లు,
ఇద్దరం, పదకొండు రోజులు,
ఆ పైన సగం, గాలి మాట తప్పితే అని.

పద్మారావునగర్‌లో, భోజనాల బల్ల మీద పటం పరిచాం.
ఒక మూలకు కుక్కర్ మూత,
ఒక మూలకు చింతకాయ తొక్కు సీసా,
మిగతా రెండింటికీ ఇందుమౌళి మోచేతులు.
కొచ్చి నుంచి సలాలా పదమూడు వందల యాభై మైళ్లు.
పెన్సిల్ గీతకు జానెడు.
జానెడు పొట్టకే ఇన్ని తిప్పలంటారు.

మేం తెరచాప పట్టింది హుస్సేన్‌సాగర్‌లో.
అక్కడి గాలికి నిలకడ లేదు,
సెక్రటేరియట్ చాటున చచ్చిపడి
నెక్లెస్ రోడ్డు దగ్గర చెంప మీద కొట్టినట్టు లేస్తుంది.
బోల్తా పడ్డ రోజు ఒంటికి పట్టిన వాసన
మూడు తలంట్లకు గానీ వదల్లేదు.
ఇరవై ఏళ్లుగా, ఎటు తిప్పినా పావుగంటలో ఒడ్డు.
ఒడ్డు లేని నీళ్లు మాకు తెలీవు.
ఈ మాట అతను అనడు. నేనూ అనను.

రాణీగంజ్‌లో స్టీలు కొక్కేలూ చేతి పంపూ అడిగితే
కొట్టతను కళ్లద్దాలు పైకి జరిపి, "బోరెంత లోతు?" అన్నాడు.
ఇందుమౌళి కాస్త ఆలోచించి
"రెండు వేల నిలువులు" అన్నాడు.
"అంత లోతుల గూడ నీళ్లు పడలేదా!"
జాలిపడి పది శాతం తగ్గించాడు.

జామకాయల కాలంలో బార్కస్ వెళ్లాం.
సాలెం బావజీర్ గారికి తొంభై దగ్గర పడ్డాయి.
సముద్రాన్ని ఒక్కసారీ చూడలేదు.
వాళ్ల తాత నిజాం ఫౌజులో చేరడానికి
హద్రమౌత్ నుంచి చెక్క ఓడలో వచ్చాడట,
వానాకాలం తోక పట్టుకుని.
"మీరెక్కేది తిరుగు గాలి," అన్నాడు.
"తాత కోసం అది ప్రతి చలికాలం వచ్చింది.
ఆయనే పోలే."
చెయ్యి చాచి, వణుకుతున్న పిడికిలి బిగించి
ధ్రువతారను కొలవడం చూపించాడు.
కొచ్చిలో నీటి అంచు మీద ఒక్క పిడికిలి.
రాత్రికింత చొప్పున పైకి లేస్తుంది.
పిడికిలి మీద నాలుగు వేళ్లు పట్టిన రాత్రి, సలాలా.

ఇంటికొచ్చి డాబా ఎక్కాను.
తీగ మీద మరిచిన చీర
ఈశాన్యపు గాలికి అరేబియా వైపు ఎగురుతోంది.
పక్కింటి నీళ్ల ట్యాంకుకు కాస్త ఎడంగా
పొగలో, ఉందో లేదో అన్నట్టు, చుక్క.
పిడికిలి.
నాలుగు వేళ్లు.
మెట్ల మీంచి అరిచాను:
ఇదిగో, అంత దూరం పోయి
మన డాబా ఎత్తుకే చేరతాం!
"ముందు కొచ్చికి దిగాలి కదా," కింద నుంచి జవాబు.

నవంబరు తుఫానులు తీరిపోవాలి.
పుష్యమాసం మొదట్లో తాళ్లు విప్పాలి.
రెండు నుంచి ఐదు దాకా కాపలా నాది.
ఫ్యాను చప్పుడు లేనిదే ఇద్దరికీ నిద్ర పట్టదు,
పటంలో దానికి గుర్తేమీ లేదు.
ఒక్కచోటే తెగలేదు:
వెనక్కి తిరగాలంటే ఎక్కడి వరకు?
అతను మైళ్లలో చెబుతాడు, నేను రోజుల్లో.
రెండు పూటలు మాటల్లేవు.
చివరికి నీళ్లలో కుదిరింది.
మూడో క్యాను మూత తీయనంత వరకూ ఇల్లుంది.
తీశామా, ఇక ఒడ్డు ముందే.

రోజుకు ఆరు లీటర్లతో బతకగలమా అని
హాల్లోనే రిహార్సల్ మొదలుపెట్టాం.
గిన్నెలకు ఉప్పు కలిపిన నల్లా నీళ్లు.
అన్నం వార్చిన గంజి ఎవరు తాగారో
రాసి పెట్టుకున్నాం.

ఇవాళ ఆరో రోజు, సాయంత్రం. ఎల్లేష్ వచ్చి
ఖాళీవి రెండు భుజానికెత్తుకున్నాడు.
"మూడోదానికి ఎప్పుడు రావాలె మేడమ్?"
రిహార్సలే.
బయట ఆటోలు, కుక్కలు, ఎవరిదో కుక్కర్ విజిల్.
ఇందుమౌళి గోరు
నీలం సీలు అంచు మీదే ఆగి ఉంది.
నా వైపు చూస్తున్నాడు.